రాయిని కడిగే ముందు

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో లిట్మస్ కాగితాన్ని చూడని తెలుగువారు అరుదు. ఆమ్లంలో ముంచితే ఎరుపు, క్షారంలో ముంచితే నీలం. అదే విధంగా, బిర్యానీ మసాలా దినుసుల నడుమ ఎండిన ఆకు తునకలవలె, ఒకవైపు బూడిద రంగుతోను, మరొకవైపు నలుపుతోను కనిపించే రాతి పువ్వును ఎరుగని వంటిల్లు కూడ తక్కువే. ఈ రెండింటికీ బంధుత్వం ఉన్నదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. లిట్మస్ రంగు తొలుత రొసెల్లా మొదలైన లైకెన్ల నుండి వచ్చింది. రాతి పువ్వు పార్మోట్రెమా అనే మరొక లైకెన్. అనగా, ప్రతి తెలుగు కుటుంబమూ లైకెన్‌ను బడిలో ఒకసారి, భోజనంలో అనేకసార్లు కలుసుకొన్నది. పేరు మాత్రం అడగలేదు.

పేరు అడగకపోవడం వల్ల వంటకు వచ్చిన నష్టమేమీ లేదు. పాత రాతికట్టడాల విషయంలో మాత్రం నష్టం చాలా పెద్దది. ప్రవాసంలో స్థిరపడిన తెలుగువారు సొంత ఊరి ఆలయ జీర్ణోద్ధరణకు ధనం పంపడం దశాబ్దాలుగా వస్తున్న సత్సంప్రదాయం. ఆ ధనంతో మొదట జరిగే పని తరచుగా రాయిని "శుభ్రం" చేయడం. గోడల మీద, స్తంభాల మీద, శాసనాల మీద కనిపించే తెల్లని, పసుపుపచ్చని, నల్లని మచ్చలను మురికిగా ఎంచి, ఇనుప బ్రష్షుతో గీకి, ఆమ్లంతో కడిగి, కొన్నిచోట్ల ఇసుకను గాలి వేగంతో కొట్టించి, చివరకు ఎనామిల్ రంగు పూస్తారు. వందల ఏళ్ళు నిలిచిన అక్షరాలు ఒక్క వారంలో మాసిపోతాయి. ఆ మచ్చ ఏమిటో తెలుసుకొనే వరకు దాని మీద చేయి వేయరాదన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన. తెలుసుకోవడం సామాన్యునికి సాధ్యమేనన్నది రెండవ ప్రతిపాదన. ఆ విద్యకు ఓనమాలు దిద్దుకోవడానికి స్వదేశం వరకు వెళ్ళనక్కరలేదు. సింగపూరులోని క్లెమెంటి చాలును.

ఒకే గూటిలో ఇద్దరు

లైకెన్ ఒకే జీవి కాదు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి చేసే కాపురం. కొన్నింటిలో శైవలానికి బదులు సయనోబాక్టీరియా ఉంటుంది. శిలీంధ్రం ఇల్లు కట్టి, తేమను కాపాడి, ఎండ నుండి నీడనిస్తుంది. లోపల కాపురమున్న శైవలం సూర్యరశ్మితో ఆహారం వండుతుంది. ఈ సంగతిని స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ 1867లో ప్రకటించినప్పుడు ఆనాటి లైకెన్ పండితులనేకులు అపహాస్యం చేశారు. కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్ట్ జాతి శిలీంధ్రం కూడ ఉన్నదని 2016లో టోబీ స్ప్రిబిల్, ఆయన సహచరులు చూపారు. ఇద్దరి కాపురమనుకొన్నది ఒక్కొక్కచోట ఉమ్మడి కుటుంబమని తేలింది.

ప్రపంచంలో ఇంతవరకు పేరు పెట్టిన లైకెన్ జాతులు సుమారు 20,000. వీటికి వేళ్ళు లేవు. నీరు, లవణాలు గాలి నుండి, వాన నుండి, ఆనుకొన్న ఉపరితలం నుండి అందుతాయి. కాబట్టి గాలిలో ఏమున్నదో అదంతా వీటి ఒంటికి పడుతుంది. ఫిన్లండుకు చెందిన విలియం నైలాండర్ 1866లో పారిస్ నగరపు లక్సెంబర్గ్ ఉద్యానంలోని లైకెన్లను పరిశీలించి, అవి గాలి స్వచ్ఛతకు కొలమానం కాగలవని వ్రాశాడు. రాతి మీద పెరిగే పొర లైకెన్లలో అనేకం సంవత్సరానికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా మాత్రమే విస్తరిస్తాయి. అరచేయి వెడల్పు మచ్చ ఒక మనిషి వయస్సుకు తీసిపోకపోవచ్చు. ఉష్ణమండలంలో ఆకు లైకెన్లు ఇంతకంటె వేగంగా పెరుగుతాయి గనుక మచ్చ వెడల్పును చూసి రాయి వయస్సు చెప్పబోవడం మాత్రం సాహసం.

క్లెమెంటిలో రాయి ఎక్కడ?

ఈ ప్రశ్న న్యాయమైనదే. క్లెమెంటి పాత ఊరు కాదు. 1930 నుండి 1934 వరకు గవర్నరుగా ఉన్న సర్ సెసిల్ క్లెమెంటి పేరును 1947లో ఒక రహదారికి పెట్టారు. అంతకుముందు దాని పేరు రిఫర్మేటరీ రోడ్డు. ఆ రహదారి పక్కన 1970లలో గృహనిర్మాణ సంస్థ కట్టిన ఊరు ఈనాటి క్లెమెంటి. కంటికి కనిపించేదంతా కాంక్రీటు. ఆ కాంక్రీటుకు కూడ కొన్నేళ్ళకొకసారి కొత్త రంగు పడుతుంది. పదేళ్ళ పాటు ఎవరూ ముట్టుకోని గోడ ఈ నగరంలో ఒక వింత.

అయినా వెతికేవానికి దొరుకుతుంది. రహదారుల పక్కనున్న నిద్రగన్నేరు చెట్ల మొదళ్ళను చూడవచ్చును. తెలుపు, బూడిద, లేత ఆకుపచ్చ రంగులలో, గుండ్రని పీటముగ్గుల వలె అంటుకొన్న మచ్చలు అక్కడ కనిపిస్తాయి. సన్‌సెట్ వే మీదుగా సాగిన పాత జురోంగ్ రైలు మార్గపు వంతెన, 2011 జూన్ 30న చివరి రైలు నడిచిన తరువాత కాలిబాటగా మారిన రైల్ కారిడార్, దాని పొడవునా మిగిలిన తూములు, పిట్టగోడలు — ఇవన్నీ రంగు బ్రష్షు నిత్యం తాకని ఉపరితలాలు. కాంక్రీటు ఒక విధంగా మనిషి పోతపోసిన సున్నపురాయి. సున్నపు గుణమున్న రాయిని ఇష్టపడే లైకెన్లు దానిని కూడ ఇష్టపడతాయి.

నిజమైన పాత రాయిని చూడదలచినవారు మరికొంత దూరం వెళ్ళాలి. ఫోర్ట్ కానింగ్ కొండ మీద పాత క్రైస్తవ శ్మశానపు సమాధి ఫలకాలు ఇటుక గోడలలో పొదిగి ఉన్నాయి. 1922లో తెరచి 1973లో మూసిన బుకిట్ బ్రౌన్ శ్మశానంలో లైకెన్ పట్టిన సమాధులు చెట్ల నీడలో వేల సంఖ్యలో ఉన్నాయి. కంటికి శిక్షణ ఇచ్చేది క్లెమెంటి చెట్టు. పరీక్ష పెట్టేది ఫోర్ట్ కానింగ్ ఫలకం.

కెంట్ రిడ్జ్ మీద 2015లో తెరచిన లీ కాంగ్ చియాన్ ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల భవనాన్ని పచ్చదనం కప్పిన బండరాయి ఆకారంలో రూపొందించారు. క్లెమెంటి పిల్లలు దానిని అద్భుతంగా చూస్తారు. అదే పిల్లలు దారిలో దాటివచ్చిన అసలు రాతిని, దాని మీది అసలు ప్రాణిని చూడకుండా పోవడం పెద్దల లోపమే.

తొలి పాఠం వంటింట్లో

కొత్తగా నేర్చేవారు రాతి మీది పొర లైకెన్‌తో మొదలుపెడితే నిరుత్సాహపడతారు. సెరంగూన్ రోడ్డు దుకాణాలలో దొరికే రాతి పువ్వు పొట్లం అంతకంటె మంచి తొలి గురువు. తమిళ దుకాణాలలో దీనినే కల్పాసి అంటారు. పేరులో రాయి ఉన్నా, బజారుకు వచ్చే సరుకులో అధికభాగం చెట్ల బెరడు నుండి సేకరించినదే. మొదటి పాఠం అదే: వాడుక పేరును బట్టి నివాసాన్ని నిర్ణయించరాదు.

ఒక పెద్ద తునకను తెల్ల పళ్ళెంలో ఉంచి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలించాలి. పైవైపు బూడిద రంగు, కిందివైపు నలుపు. అంచుల వెంబడి పిండి చల్లినట్లు కనిపించేవి సోరీడియా; శిలీంధ్రపు పోగులు శైవల కణాలను చుట్టుకొన్న ఈ రేణువులు గాలికి రాలి కొత్త కాపురం పెడతాయి. తునకను విరిచి చూస్తే నడుమ తెల్లని దవ్వ కనిపిస్తుంది. నీటిచుక్క వేసి నిమిషం ఆగితే బూడిద రంగు మీదికి ఆకుపచ్చ ఛాయ తేలివస్తుంది. తడిసిన పైపొర పారదర్శకమై లోపలి శైవలాన్ని చూపడమే ఇందుకు కారణం. అదే పొట్లంలో భిన్నమైన కొమ్మలు, భిన్నమైన అంచులు గల తునకలు కూడ సాధారణంగా దొరుకుతాయి; వ్యాపారి ఒకే పేరున అమ్మే సరుకులో అనేక జాతులు కలిసి ఉంటాయి. పదేళ్ళ పిల్లవాడు ఒక సాయంకాలం కూర్చుండి వాటిని వేరు చేయగలడు. అలా వేరు చేసిన నాడు వర్గీకరణ శాస్త్రానికి అక్షరాభ్యాసం జరిగినట్లే. ఇందులో ఏ కట్టడానికీ హాని లేదు.

రాతి ముందు నిలిచి అడగవలసినవి

రెండవ పాఠం బయట. అందుకు కావలసిన సామగ్రి భూతద్దం, కొలబద్ద, చిన్న నీటి పిచికారీ, నోటు పుస్తకం. ప్రశ్నలను ఈ వరుసలో అడగడం మంచిది.

మొదటిది: ఇది అసలు లైకెనేనా? నీడ గోడల మీద కుంకుమపువ్వు రంగులో, ముట్టుకొంటే ముఖమల్‌లా తోచేది చాలాసార్లు ట్రెంటిపోలియా అనే శైవలం. పేరుకు ఆకుపచ్చ శైవలాల వర్గానికి చెందినదే అయినా కెరోటిన్ వర్ణకాలు దాని పచ్చదనాన్ని కప్పివేస్తాయి. వాన కారిన చోట గోడ మీద దిగే నల్లని చారలు సాధారణంగా సయనోబాక్టీరియా పూత. చిన్న చిన్న ఆకులు, కాడలు ఉన్న పచ్చని మెత్త నాచు. వీటిలో ఏదీ లైకెన్ కాదు. లైకెన్‌కు సాధారణంగా స్పష్టమైన అంచు, ఒక నిర్మాణం ఉంటాయి.

రెండవది: ఏ రాయి? గ్రానైటు, ఇసుకరాయి మొదలైన సిలికా రాళ్ళ మీద ఒక సమాజం, సున్నపురాయి, గచ్చు, కాంక్రీటు మీద మరొక సమాజం నివసిస్తాయి. ఒకే సమాధి మీద గ్రానైటు ఫలకానికి ఒక రకం, దానిని అతికిన సున్నపు గచ్చుకు మరొక రకం పట్టి ఉండడం కద్దు. కింద రాలిపడిన గచ్చు ముక్కను ఇంటికి తెచ్చి దాని మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలు వస్తాయి. అది సున్నపు గుణానికి సాక్ష్యం. నిలిచి ఉన్న కట్టడం మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

మూడవది: ఆకారం ఏది? గోటికి అందకుండా రాతిలో కలిసిపోయినట్లున్నది పొర లైకెన్. అంచులు కొంచెం లేచి, పైపొర కింది పొర వేరుగా ఉన్నది ఆకు లైకెన్. పొదలా నిలిచి లేదా వేలాడి ఉన్నది పొద లైకెన్. సింగపూరు నగరంలో మొదటి రెండే అధికం.

నాలుగవది: సంతానం ఎలా? భూతద్దంలో చిన్న చిన్న గిన్నెలు కనిపిస్తే అవి శిలీంధ్రపు ఫలాంగాలు. గిన్నె అంచు లైకెన్ ఒంటి రంగులోనే ఉన్నదా, గిన్నె రంగులోనే ఉన్నదా అన్నది ముఖ్యమైన లక్షణం. గిన్నెలకు బదులు పిండి ఉంటే సోరీడియా. సన్నని ముళ్ళవంటి మొలకలు ఉంటే ఇసిడియా.

ఐదవది: తడిపితే ఏమవుతుంది? శుద్ధమైన నీటిని కొద్దిగా పిచికారీ చేసినప్పుడు ఆకుపచ్చగా మారితే లోపల ఉన్నది ఆకుపచ్చ శైవలం. నల్లబడి, బంక పట్టినట్లు ఉబ్బితే సయనోబాక్టీరియా కావచ్చును. రాయలసీమలో ఎండ మండే గ్రానైటు బండల మీద నల్లని పొలుసుల వలె పట్టేవాటిలో పెల్ట్యులా అనే సయనోబాక్టీరియా లైకెన్ ఒకటి.

ఈ ఐదు ప్రశ్నలకు సమాధానాలు, రాయి ఏ దిక్కుకు ఉన్నది, ఎండా నీడా, కొలబద్దతో సహా ఒక ఛాయాచిత్రం — ఇంతమాత్రం నోటు పుస్తకంలో చేరితే పని సగం అయినట్లే. కొత్తవాడు ప్రజాతి పేరు వరకు వస్తే గొప్ప. రాతి మీది పొర లైకెన్లలో జాతి పేరు చెప్పడానికి సూక్ష్మదర్శినిలో బీజాలను కొలవవలసి ఉంటుంది. "గుర్తించలేదు" అని నిజాయితీగా వ్రాసుకొన్న పంక్తి తప్పు పేరు కంటె విలువైనది.

రంగులు చెప్పే సాక్ష్యం

ఆకారం తేల్చలేని తగవును అనేకసార్లు రసాయనం తీరుస్తుంది. లైకెన్లు తయారు చేసే ప్రత్యేక పదార్థాలలో చాలా భాగం ప్రకృతిలో మరెక్కడా దొరకవు. నైలాండర్ 1866లోనే పొటాష్ క్షారం, విరంజన చూర్ణపు ద్రావణం — ఈ రెండింటి చుక్కలతో లైకెన్లను వేరుచేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అట్రనోరిన్ ఉన్న పైపొర పొటాష్ క్షారంతో పసుపు రంగు చూపుతుంది. సలజినిక్ ఆమ్లం మొదట పసుపై తరువాత ఎరుపవుతుంది. నారింజ రంగు లైకెన్లలోని పారియెటిన్ ఊదా రంగుకు తిరుగుతుంది. లెకనోరిక్ ఆమ్లం విరంజన ద్రావణంతో ఎర్రబడుతుంది. విచిత్రమేమంటే, ఇంత సూక్ష్మంగా లైకెన్లను పరిశోధించిన నైలాండర్ అవి రెండు జీవుల కలయిక అన్న ష్వెండెనర్ వాదాన్ని ఎన్నడూ అంగీకరించలేదు.

ఈ చరిత్రలో తెలుగు నేలకు ఒక గౌరవస్థానం ఉన్నది. అది మరుగున పడింది. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్‌సన్ వద్ద పరిశోధన చేసి వచ్చిన ఆచార్య తిరువెంకట రాజేంద్ర శేషాద్రి 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్ర శాఖను నడిపారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళే వరకు ఆయన అక్కడే ఉన్నారు. మొక్కల వర్ణకాలతో పాటు భారతీయ లైకెన్ల రసాయనాన్ని వరుస పత్రాలుగా వెలువరించింది ఆ వాల్తేరు బృందమే. లిట్మస్‌కు దగ్గరి బంధువైన రొసెల్లా మోంటాగ్నియై నుండి మోంటాగ్నెటాల్ అనే పదార్థాన్ని వారు 1940లలో వర్ణించారు. అనగా, లిట్మస్ కాగితంతో మొదలైన కథ తిరిగి తెలుగు తీరానికే చేరుతున్నది. ఈనాడు లైకెన్ల వర్గీకరణలో దేశానికి పెద్దదిక్కు లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ తెలుగు ప్రాంతాల లైకెన్ల మీద కృషి జరిగింది.

ఇంటిలో చేయదగిన పరీక్షల విషయంలో హద్దులు పాటించాలి. పొటాష్ క్షారం చర్మాన్ని, కంటిని దహిస్తుంది. పెద్దల చేతిలోనే, కంటి అద్దాలతోనే వాడవలసినది. పారాఫినిలీన్‌డైఅమీన్ అనే మూడవ కారకం విషపూరితం. దానిని ప్రయోగశాలకు వదిలివేయడం మేలు. అందరికీ అందుబాటులో ఉన్న ఉపాయం మరొకటి ఉన్నది: 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి. క్లెమెంటి చెట్ల మీద సామాన్యంగా కనిపించేవాటిలో పిక్సినే కోకోస్, డిరినారియా పిక్టా అనే రెండు బూడిద రంగు లైకెన్లు పగటి వెలుగులో కవల పిల్లల వలె ఉంటాయి. చీకటిలో ఆ టార్చి వేస్తే పిక్సినే లైకెజాంథోన్ కారణంగా పసుపుపచ్చగా వెలుగుతుంది. డిరినారియా పైపొర అలా వెలగదు. ఇందుకు చుక్క ద్రావణం అవసరం లేదు, రాతికి గాని చెట్టుకు గాని గాయం లేదు. ఆ వెలుగును కంటిలోకి మాత్రం వేయరాదు. సింగపూరు ఉద్యానాలలో అనుమతి లేకుండా దేనినీ గీకి తీయరాదన్నది చట్టం. చూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

కడగాలా, వద్దా?

ఇక అసలు తగవు. లైకెన్లు రాతికి హాని చేయవా అన్న ప్రశ్నకు సమాధానం: చేస్తాయి. శిలీంధ్రపు పోగులు రాతి రేణువుల నడుమకు చొచ్చుకుపోతాయి. తడిసి ఉబ్బి, ఎండి ముడుచుకొంటూ రేణువులను వదులు చేస్తాయి. అవి వదిలే ఆక్సాలిక్ ఆమ్లం రాతిలోని కాల్షియంతో కలిసి కాల్షియం ఆక్సలేటు అవుతుంది. కట్టడాల సంరక్షకులు కొన్ని సందర్భాలలో లైకెన్లను తొలగించడం ఇందువల్లనే. మరొకవైపు, కొన్ని రాళ్ళ మీద కొన్ని లైకెన్లు వాన దెబ్బకు, ఉప్పుగాలికి అడ్డుగా నిలిచి రాతిని కాపాడుతున్నాయని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. ఏ జాతి, ఏ రాయి, ఏ వాతావరణం అన్నదాని మీద తీర్పు ఆధారపడి ఉంటుంది. కాబట్టి పేరు తెలియకుండా తీర్పు చెప్పడం, రోగమేదో తెలియకుండా శస్త్రచికిత్స చేయడం వంటిది.

తొలగించే పద్ధతి చేసే హాని మాత్రం సందేహం లేనిది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నపు గచ్చును కరిగిస్తుంది; రాతిలోని ఇనుమును కదిలించి తుప్పు మరకలు తెస్తుంది. విరంజన ద్రావణం చివరకు ఉప్పును మిగులుస్తుంది. ఆ ఉప్పు రాతి రంధ్రాలలో స్ఫటికమై, ప్రతి ఎండకూ పొరలు పొరలుగా రాతిని రాల్చుతుంది. ఇనుప బ్రష్షు వదిలిన రజను తుప్పు పడుతుంది. ఇసుక దెబ్బ లైకెన్‌తో పాటు శిల్పి ఉలి గుర్తును కూడ తీసుకుపోతుంది. పైగా గరుకుబారిన ఆ కొత్త ఉపరితలం మీద శైవలాలు, లైకెన్లు మునుపటికంటె సులభంగా నిలదొక్కుకొంటాయి. ఎనామిల్ రంగు తేమను లోపలే బంధించి రాతిని లోపలినుండి తింటుంది.

"దేవుని గుడి శుభ్రంగా ఉండవద్దా? పాకుడు పట్టిన గుడి అంటే దిక్కులేని గుడి కాదా?" అని ఊరి పెద్దలు అడుగుతారు. ఆ ఆవేదనలో భక్తి ఉన్నది. దానిని తేలికగా తీసుకోరాదు. ఐతే గుడికి ఆపద తెచ్చేవాటిని వరుసగా పేర్చితే లైకెన్ పేరు చివరన వస్తుంది. కప్పు మీద నీరు నిలవడం, గోడ సందులలో రావి మొక్క వేరు దిగడం, పునాదికి మురుగు చేరడం — వీటి ముందు లైకెన్ చేసే హాని స్వల్పం. రావి వేరు కొన్నేళ్ళలో గోడను చీల్చుతుంది. లైకెన్‌కు శతాబ్దాలు కావాలి. చందా ధనంలో తొలి రూపాయి కప్పుకు, రెండవది మురుగుకాలువకు, మూడవది రావి మొక్కకు పోవడం న్యాయం. నేల ఊడ్చడం, దీపపు జిడ్డు తుడవడం, గర్భాలయాన్ని పరిశుభ్రంగా ఉంచడం ఎప్పుడూ చేయవలసినవే. వాటికి శాసనం మీద ఇనుప బ్రష్షు పెట్టడంతో సంబంధం లేదు.

చదవకముందే చెరిపితే ఏమవుతుందో సింగపూరుకు బాగా తెలుసు. సింగపూరు నది ముఖద్వారం వద్ద ఒక పెద్ద ఇసుకరాతి ఫలకం మీద దాదాపు యాభై పంక్తుల పురాతన శాసనం ఉండేది. నిర్మాణాలకు చోటు కావాలని 1843లో దానిని మందుగుండుతో పేల్చివేశారు. మిగిలిన ముక్క నేడు జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. అది ఏ భాషో, ఏమి చెప్పిందో ఈనాటికీ నిర్ణయం కాలేదు. అదే సింగపూరు తరువాతి కాలంలో పాఠం నేర్చుకొన్నది. బుకిట్ బ్రౌన్ గుండా రహదారి వేయడానికి వేలాది సమాధులను తొలగించవలసి వచ్చినప్పుడు, ముందుగా వాటి వివరాలను నమోదు చేయించారు. రహదారి ఆగలేదు, జ్ఞాపకం కూడ పోలేదు.

జీర్ణోద్ధరణకు ఒక షరతు

తెలుగు భాషకు తొలి కాగితం రాయి. క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ళ శాసనం రాతి మీదిదే. వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప గుడి, లేపాక్షి మండపాలు — ఇంకా పేరు రాని వేల గ్రామ దేవాలయాలు — రాతిలోనే తెలుగువారి చరిత్రను దాచుకొన్నాయి. పేరు పొందిన గుళ్ళను చూసుకోవడానికి పురావస్తు శాఖలు ఉన్నాయి. పేరు లేని గుడికి దిక్కు ఆ ఊరివారు, ఆ ఊరి నుండి వెళ్ళి చందా పంపే ప్రవాసులు మాత్రమే. కాబట్టి బాధ్యత కూడ వారిదే.

ధనం పంపేవారికి షరతు పెట్టే హక్కు ఉన్నది. ఆ షరతు చిన్నదే. కడిగే ముందు ప్రతి రాతినీ ఛాయాచిత్రం తీయాలి. అక్షరాలున్న రాతిని ఉదయమో సాయంకాలమో, ఏటవాలు వెలుగులో తీయాలి. మధ్యాహ్నపు ఎండలో కనిపించని గీతలు అప్పుడు లేచి నిలుస్తాయి. మచ్చలున్నచోట కొలబద్ద పెట్టి తీయాలి. శాసనం ఉన్నట్లు తోస్తే రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి గాని తెలిపి, అచ్చు తీయించిన తరువాతనే మరేదైనా చేయాలి. లైకెన్ల చిత్రాలను దగ్గరలోని విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖకు చూపాలి. ఆమ్లం, ఇసుక దెబ్బ, ఎనామిల్ రంగు — ఈ మూడింటికి చందా ధనంలో పైసా కూడ ఖర్చు చేయరాదు. ఈ నాలుగు మాటలను చందా పత్రంలో వ్రాయడానికి అర పుట చాలును.

ఈ పని చేయగలవారు ఎవరు? సెలవులకు తాతగారి ఊరు వెళ్ళి, ఏమి చేయాలో తోచక కూర్చునే పిల్లలే. క్లెమెంటిలో నిద్రగన్నేరు మొదలు దగ్గర భూతద్దం పట్టుకోవడం నేర్చినవాడు, తాతగారి ఊరి గుడి గోడ ముందు ఖాళీగా నిలబడడు. అతనికి అడగడానికి ఐదు ప్రశ్నలు ఉంటాయి. తాతగారికి ఆ రాతి మీది అక్షరాలు చదవడం వచ్చు. మనుమనికి ఆ రాతి మీది మచ్చను చూడడం వచ్చు. ఇద్దరూ ఒకే రాతి ముందు కూర్చుండడానికి ఇంతకంటె మంచి కారణం దొరకదు.

లైకెన్‌కు తొందర లేదు. అది ఏటికొక మిల్లీమీటరు నడుస్తుంది. తొందర ఉన్నది మేస్త్రీకి, ముహూర్తానికి, సెలవు చీటీకి. కుంభాభిషేకానికి ముందు ఒక్క రోజు ఆగి, రాతిని చూసి, వ్రాసుకొని, చిత్రం తీసుకొంటే గుడికి వచ్చే లోటు లేదు. ఆగకపోతే వచ్చే లోటును ఏ చందా తీర్చలేదు.